ల్యాంపు కాక లెక్క

జైలు ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మంథనిలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, నా మోకాళ్ళ సంగతి అడుగుతారు, ఆ తరువాత అసలు ప్రశ్నకు వస్తారు. "సార్, మీ సర్వీసుల ఎవరన్న గోడ దూకి పారిపోయిండ్రా?" అందరికీ అదే కావాలి. దూకినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు సాయంత్రానికల్లా అత్తగారింట్లో భోజనం చేస్తూ దొరికాడు. రెండోవాడు గోడ అవతల కాలు విరగ్గొట్టుకుని, తనే కేకలేసి మమ్మల్ని పిలిచాడు. ఆ కథల్లో అంతకుమించి ఏమీ లేదు. నేను మీకు చెప్పాలనుకునేది, గేటు తీసి పొమ్మంటే పోనని కూర్చున్న మనిషి గురించి. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో అటువంటివాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఇప్పటికీ ఆయన్ని తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. వెంటనే కొంచెం సిగ్గు కూడా వేస్తుంది, అది ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మాది తరతరాలుగా గుడి పూజలు, బడి పాఠాలు చూసుకునే కుటుంబం. మా ఇంట్లో ఖాకీ వేసుకున్న మొదటివాణ్ణి నేనే. మా నాన్న కడదాకా నేను "సర్కారు ఆఫీసులో" పని చేస్తున్నానని చెప్పుకున్నాడు. ఏ ఆఫీసని ఎవరైనా అడిగితే వానల గురించి మాట్లాడేవాడు. ఇంటి నుంచి నాకు అబ్బింది ఒక్కటే, కాగితం మీద శ్రద్ధ. నా రిజిస్టర్లలో కొట్టివేత కనపడదు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ వాటిని చూసి మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు నాకు బాగా తలకెక్కింది.

రిటైర్మెంటుకు ఏడాది ముందు నేను బొగ్గుబాయిల, అంటే గనుల, ఊళ్ళ మధ్య ఒక సబ్ జైలుకు అధికారిని. ఊరి పేరు చెప్పను. గోదావరిఖనిలో బస్సెక్కితే గంట ప్రయాణం అనుకోండి చాలు. ముప్పై మంది కోసం కట్టిన ఒక పెద్ద గది, ముందు వరండా, చిన్న ఆవరణ. ఆ ఏడాది ఆ గదిలో ఎనభై మంది దాటారు. అందరూ తీర్పు ఇంకా రానివాళ్ళే. ఒకరి కాళ్ళు ఇంకొకరి తలకు తగిలేవి. ఒకడు పక్కకు ఒత్తిగిలాలంటే వరసంతా ఒత్తిగిలాలి. తెల్లారి తాళం తీయగానే మాకు ఎదురయ్యేది రాత్రి జరిగిన కొట్లాటల పంచాయితీ. జానెడు జాగా కోసం అన్నదమ్ములే మెడలు పట్టుకున్నారు.

దానికి నేనేం చేశాను? ప్రతి నెలా కొత్త బ్యారక్ కావాలని పైకి లేఖ రాశాను. నాకంటే ముందున్నాయనా అదే రాశాడు. మా హెడ్ వార్డర్ బెల్లంపల్లి బాయి కార్మికుని కొడుకు, నా ఈడువాడే. అందరికీ హెడ్డన్న. ఆయన నోటికి అదుపు లేదు. "సార్, మీరు రాసిన లెటర్లన్ని పేర్చి గోడ కట్టినా ఈపాటికి బ్యారక్ లేస్తుండె" అనేవాడు. నేను వినిపించుకోనట్టు కూర్చునేవాణ్ణి.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మందమర్రి నుంచి ఒక పెద్దమనిషిని తెచ్చి అప్పగించారు. అరవై దాటిన వయసు, చిన్నప్పుడే సన్నబడిన ఎడమ కాలు. ఊళ్ళో పొలం గెట్టు దగ్గర బామ్మర్దితో మాటా మాటా పెరిగి, చేతికర్రతో ఒక్కటిచ్చాడట. ఆ దెబ్బకు బామ్మర్ది చెయ్యి విరిగింది, పోలీసులు పెద్ద సెక్షనే పెట్టారు. నేను రిజిస్టరు ముందేసుకుని వృత్తి ఏమిటని అడిగాను.

"ల్యాంపు రూం, సార్."

"రిటైరైనవు గదా?"

"ఐన సార్. ఐనా గదే."

ల్యాంపు రూం అంటే బాయి గేటు దగ్గర ఉండే గది. లోపలికి దిగే ప్రతి కార్మికుడూ అక్కడ తన నంబరున్న బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. ఇచ్చిన బిళ్ళను గోడ మీది పలకకు తగిలిస్తారు; అది ఇంకా వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమిలోపల ఉన్నాడని అర్థం. కాలు బాగుండదు కనుక ఈయనకు పైపని ఇచ్చారు. "ఒక్కనాడు బాయిల దిగలే సార్. దిగేటోనికి దీపమిచ్చుడు, వచ్చినోని దగ్గర తీసుకునుడు, గదే నా కొలువు" అని చెప్పాడు. కాక అంటే మా వైపు బాబాయి; రెండు రోజుల్లో అందరికీ ఆయన ల్యాంపు కాక అయిపోయాడు.

మూడో రోజు కాక నా దగ్గరికి వచ్చి, "సార్, లోపల షిఫ్టులు పెడ్త, మీరు ఊఁ అంటే" అన్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. పడుకోవడానికి షిఫ్టులట. సాయంత్రం తాళం పడ్డాక మొదటి జట్టు కాళ్ళు చాపుకుని పడుకుంటుంది, మిగతావాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుంటారు. సగం రాత్రికి జట్టు మారుతుంది. మూడో జట్టు పగలు వరండాలో పడుకుంటుంది. వారానికోసారి జట్లు తిరగబడతాయి. "సర్కారు ఇవ్వని జాగ నువ్వు ఏడికెల్లి తెస్తవ్ కాకా?" అని హెడ్డన్న నవ్వాడు. "జాగ లేదు గని టైము ఉన్నది గద బిడ్డా" అన్నాడు కాక.

పదిరోజులు గడిచేసరికి తెల్లవారి పంచాయితీలు ఆగిపోయాయి. తాళం తీస్తే మనుషులు వరసగా, నిద్ర తీరిన మొహాలతో బయటికి వచ్చారు. ఇన్నేళ్ళ చదువూ ట్రైనింగూ ఉన్న నాకు తట్టనిది, చేతికర్ర కేసులో వచ్చిన ముసలాయనకు మూడు రోజుల్లో తట్టింది. నాకు ఆయనంటే గౌరవం అక్కడ మొదలైంది. పైకి మాత్రం చూపించలేదు, అధికారిని కదా.

కిటికీ పక్క జాగా మాత్రం కాక ఏ షిఫ్టుకూ ఇవ్వలేదు. దాన్ని ఒక్క మనిషికే ఉంచాడు. అతణ్ణి పాలమూరు తమ్ముడు అనేవాళ్ళు. పాలమూరు నుంచి వలస వచ్చి రాళ్ళ క్రషర్‌లో పని చేశాడు, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పది మాటలు మాట్లాడితే ఆయాసం వచ్చేది. ఎవరో దొంగిలించిన పాత ఇనుము ఇతను ట్రాలీలో తోసుకుపోతూ దొరికాడు. బెయిలు అప్పటికి ఐదారు నెలల కిందటే వచ్చింది. కానీ ఇద్దరు స్థానికులు జమానతు పెట్టాలి, అంటే ఇతను వాయిదాలకు వస్తాడని పూచీ పడాలి. వాళ్ళకు ఇంటి పన్ను రసీదో, జీతం చీటీనో ఉండాలి. అతనికి ఇక్కడ ఎవరూ లేరు.

అతని భార్య ఇటుక బట్టీలో పనిచేసేది. ప్రతి మంగళవారం ములాఖత్‌కు వచ్చేది. ఇనుప జాలీ అవతల నిలబడి భర్తతో మాట్లాడటం అయ్యాక, తప్పకుండా నా గది గుమ్మం ముందు ఆగేది.

"సారూ, కాయిదం వచ్చిందంటిరి. మరి మనిషి ఎందుకు రాకపాయె?"

"జమానతు తేవాలమ్మా. ఇద్దర్ని."

"మాకు ఈడ ఎవరు తెలుసు సారూ? తెలిసినోళ్ళందరు మా లెక్కటోళ్ళే."

ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు. నిజం చెప్పాలంటే, ఆమె గుమ్మంలో కనపడితే నాకు విసుగొచ్చేది. ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. అటువంటి కాగితాలన్నీ ఒక కట్టగా పేర్చి, ఎర్ర రిబ్బను కట్టి, పైన ముత్యాల్లాంటి అక్షరాలతో "బెయిలు వచ్చినవి, జమానతు లేనివి" అని రాసిపెట్టాను. బెయిలు వచ్చి వారంలో మనిషి విడుదల కాకపోతే న్యాయసేవల ఆఫీసుకు మేము రాసి తెలపాలి. ఆ సంగతి నాకు తెలుసు. ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా. కట్ట అంత అందంగా ఉండేసరికి పని అయిపోయినట్టే అనిపించేది.

ఒక సాయంత్రం తాళానికి ముందు లెక్క తీస్తున్నాం. నలుగురేసి వరసలో కూర్చోబెట్టి తలలు లెక్కపెడతాం. కాక కాలు చాపుకుని చివర కూర్చున్నాడు. లెక్క అయింది, నేను సంతకం పెడుతూ "సరిపోయింది" అన్నాను.

"ఏం సరిపోయింది సార్?"

"లెక్క. పొద్దున ఉన్నవాళ్ళందరు ఉన్నరు."

కాక పెద్దగా నవ్వాడు. "మా దగ్గర గట్లైతే బాయంతా గోలగోల అయితది సార్. పొద్దున దిగినోళ్ళందరు పొద్దుగూకినంక గూడ లోపల్నే ఉన్నరంటే సైరన్ మోగుతది." తరువాత నెమ్మదిగా అన్నాడు. "మీరు ఎవడన్న పోయిండా అని లెక్కపెడ్తరు. మేము ఎవడన్న రాలేదా అని లెక్కపెడ్తం. మీ దగ్గర పైకి రావలసినోళ్ళు ఎందరున్నరు సార్?"

ఎనభై మంది మొహాలు నా వైపు తిరిగాయి. కట్ట విప్పి చూడాలని చెప్పాను.

మర్నాడు కట్ట విప్పాను. ఇరవై రెండు కాగితాలు. ఆ సంఖ్య నాకు అంతవరకూ తెలియదు. కాక ఒక పలక చేస్తానన్నాడు, రేకు బిళ్ళలు కావాలన్నాడు. "రేకా? గొంతులు కోసుకునుడు మొదలువెడితే పంచనామా నువ్వు రాస్తవా?" అని హెడ్డన్న లేచాడు. చివరికి సబ్బుల డబ్బాల అట్ట ముక్కలు గుండ్రంగా కత్తిరించి, నంబర్లు రాసి, దారాలు కట్టారు. జైలు గదిలో మేకులు ఉండకూడదు కనుక పలక నా ఆఫీసులో పెట్టాల్సి వచ్చింది. నా కుర్చీ వెనక గోడకు పాత క్యాలెండర్ మేకు ఒకటి ఖాళీగా ఉంది. దానికి తగిలించాము. ముసలాయన సరదా తీరుతుందిలే అనుకున్నాను. పైగా కుర్చీలో కూర్చుంటే అది నాకు కనపడదు.

మే నెలలో, మిట్టమధ్యాహ్నం, పాలమూరు తమ్ముడు నీళ్ళ తొట్టి దగ్గర కుప్పకూలాడు. పెదవులు నల్లబడ్డాయి. కాక కుంటుకుంటూ వచ్చి చుట్టూ మూగిన వాళ్ళను రెండు చేతులతో నెట్టాడు. "దూరం జరుగుండ్రి, గాలి రానియ్యిండ్రి! జల్ది దవాఖానకు తీస్కపోండ్రి సార్!" జీపులో హెడ్డన్న అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, గంట తరువాత బయటికి వచ్చింది. "ఈసారికి బతికిండు. మళ్ళ అదే గదిల కుక్కితే ఈడిదాక రాడు. బెయిలు అడగచ్చు గదా?"

"వచ్చింది" అన్నాను.

"ఎప్పుడు?"

ఎనిమిది నెలలైందని హెడ్డన్నే చెప్పాడు. ఆమె నా భుజం మీది చుక్కల వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది. తిట్టినా బాగుండేది.

రెండు రోజులకు మంచం ఖాళీ చేయమన్నారు. కోర్టు దృష్టిలో అతను ఇంకా ఖైదీయే, కనుక మళ్ళీ అదే గదికి తెచ్చాము. నాకు వేరే చోటు లేదు. కిటికీ పక్క అతణ్ణి కూర్చోబెడుతూ కాక నా వైపు తల తిప్పలేదు.

ఆ వారమే కాకకు బెయిలు వచ్చింది. రెండుసార్లు కొట్టేసి మూడోసారి ఇచ్చారు. శుక్రవారం ఆయన అల్లుడు, ఆయన పాత దోస్తు కొడుకు వచ్చారు. ఇద్దరూ బాయిలో పర్మనెంటు కార్మికులు, చేతిలో జీతం చీటీలు. కోర్టుకు పోయేముందు ఒకసారి పెద్దాయనను చూసిపోదామని ములాఖత్ అడిగారు. పది నిమిషాలు కాకముందే ములాఖత్ గదిలోంచి కేకలు వినపడి నేను వెళ్ళాను.

"మామా, నీకేమన్న పిచ్చి లేసిందా?" అల్లుడి మొహం ఎర్రబడింది. "అత్తమ్మ పొద్దున్నే లేసి కోడి తెప్పించింది. సోమారం నిన్ను ఇంటికి తోలుకరాకపోతే నన్ను ఇంట్లకు రానియ్యనన్నది!"

"ఏమైంది కాకా?" అన్నాను. ఆయన్ని నేను కాకా అని పిలిచింది అదే మొదటిసారి అని తరువాత హెడ్డన్న గుర్తుచేశాడు.

అల్లుడు నా వైపు తిరిగాడు. "జమానతు తనకు పెట్టద్దంటున్నడు సార్! ఎవడో పాలమూరోడట, వానికి పెట్టాల్నట మేము! వాని ఊరు తెల్వది, వాని పేరు తెల్వది!"

కాక జాలీ అవతల నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. "సార్, నేను ల్యాంపు రూమోణ్ణి. పలక మీద బిళ్ళలుండంగ తాళమేసి ఇంటికి వోయి కోడికూర తింటనా? ముప్పై ఆరేండ్లల్ల ఒక్కనాడు వోలే. ఒకపారి మా షిఫ్టుల ఒకడు బాయి లోపట నీళ్ళల్ల చిక్కుకుంటే, వాడు వచ్చేదాంక రెండు షిఫ్టులు గదే కుర్సీల కూసున్న. ఇప్పుడు పోతనా?"

"అది బాయి కాకా, ఇది జైలు. నీ కేసు నీది, అతని కేసు అతనిది" అన్నాను. రూలు ప్రకారం అది సరైన మాటే.

"కాయిదం వేరే సార్. గాలి ఒక్కటే గద."

దోస్తు కొడుకు అడిగాడు. "మరి వాడు వాయిదాకు రాకుంట ఎగ్గొడితే కాకా? కోర్టు మా మెడ వట్టుకుంటది."

"వస్తడు. నేను లోపల్నే ఉంట గదరా, వాని ఫికర్ నాది."

గేటు తెరుచుకుంటుంటే తన ముందు ఇంకొకణ్ణి నిలబెట్టి తను వెనక్కి జరిగిన మనిషిని పుస్తకాల్లో చదివాను, పురాణాల్లో విన్నాను. కళ్ళెదుట, గళ్ళ లుంగీతో, నేల మీద కాలు చాపుకుని కూర్చుంటాడని ఎన్నడూ అనుకోలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హెడ్డన్న చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆయనా అప్పుడు గోడవైపే తిరిగి ఉన్నాడు.

సోమవారం ఆ ఇద్దరూ కోర్టులో పాలమూరు తమ్ముడికి జమానతు పెట్టారు. అల్లుడు మా గేటు ముందు నుంచి పోతూ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, కానీ సంతకం మాత్రం పెట్టాడు. విడుదల కాగితం మంగళవారం పొద్దున వచ్చింది. ములాఖత్‌కు వచ్చిన అతని భార్య అలవాటుగా నా గుమ్మం ముందు ఆగింది. ఆమె నోరు తెరిచేలోపు, "ఇయ్యాల ములాఖత్ లేదమ్మా, గేటు దగ్గర నిలబడు, మనిషే వస్తడు" అన్నాను. ఆమెకు ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు వైపు పరుగెత్తింది.

కాక పలక మీది బిళ్ళ తెప్పించుకున్నాడు. లోపలి గేటు దగ్గర పాలమూరు తమ్ముడి అరచేతిలో దాన్ని పెట్టి గట్టిగా అన్నాడు. "వచ్చిండు!"

"ఎవరికి చెప్తున్నవు కాకా?"

"ల్యాంపు రూంల నేను చెప్తుంటి, ఇంకొకడు రాస్తుండె. రాసుకోండ్రి సార్."

నేను జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఆ కట్ట ముందేసుకుని న్యాయసేవల ఆఫీసుకు లేఖ రాశాను. ఎందరికి బెయిలు వచ్చింది, ఎన్నాళ్ళుగా లోపల ఉన్నారు, నేను తెలపాల్సి ఉండీ తెలపలేదు అని ఉన్నదున్నట్టు రాశాను. హెడ్డన్న చదివి తల పట్టుకున్నాడు. "సార్, ఇంకొన్ని నెలలైతే దండ ఏయించుకొని ఇంటికి వోతరు. గీ చిట్టీ పంపితే మెమో సక్కగ మీ మెడకే." మెమో వచ్చింది కూడా. దాన్ని భద్రంగా దాచుకున్నాను. నా గురించి సర్కారు రాసిన కాగితాల్లో పూర్తిగా నిజమున్నది అదొక్కటే.

ఈలోగా కాక వెనక్కి జరిగిన సంగతి మందమర్రి టీ కొట్లకు పాకింది. ఫస్టు షిఫ్టు ముగించిన కార్మికులు స్నానం చేసి, జీతం చీటీలు పట్టుకుని కోర్టుకు రావడం మొదలైంది. కాకను విడిపిద్దామనే వచ్చేవాళ్ళు. కాక ములాఖత్‌లో పలకలోని తరువాతి నంబరు చెప్పేవాడు. వాళ్ళు ఆయన్ని తిట్టుకుంటూ ఆ నంబరుకు పూచీ పడేవాళ్ళు. ఆయన కోసం వచ్చిన జమానతులు ఆయన్ని దాటి పోతూనే ఉన్నాయి. నేను ఆ రోజుల్లో ఉదయం ఆఫీసుకు వస్తుంటే, పూజకు పోతున్నట్టు ఉండేది నాకు. ఇది అతిశయోక్తి కాదు.

లేఖ అందిన పదిరోజులకు న్యాయసేవలు చూసే జడ్జి మేడం వచ్చారు. నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. నేను గది ఇరుకు గురించి, కొత్త బ్యారక్ గురించి నా పాత పాఠం మొదలుపెట్టాను. ఆమె నా మొహం చూడటం లేదు, నా తల మీదుగా గోడ వైపే చూస్తున్నారు.

"మీ వెనక అదేమిటి?"

చెప్పాను. బిళ్ళ ఉంటే మనిషి పైకి రావాల్సినవాడని చెప్పాను. అప్పటికి పదకొండు మిగిలాయి.

"అక్కడ ఎందుకు పెట్టారు? మీకు కనపడదు కదా."

ఆమె కాకను పిలిపించి అరగంట మాట్లాడారు. తరువాత ఆ పదకొండు కాగితాలూ ఒక్కొక్కటి చదివి రాసుకుని వెళ్ళారు. రెండు వారాల్లో, ఎవరూ లేనివాళ్ళకు సొంత పూచీ మీదే విడుదల ఉత్తర్వులు వచ్చాయి. ఆమె వెళ్ళిన మరుక్షణమే నేను పలకను తీసి నా కుర్చీ ఎదుటి గోడకు, నేనే మేకు కొట్టి తగిలించాను. మేకు కొట్టడం రాక వేలు చితికింది.

ఉద్యోగంలో కొత్తగా చేరిన చిన్నవాళ్ళకు అబద్ధం చెప్పకూడదు. ఆ గది మళ్ళీ నిండింది. నేను దిగిపోయేనాటికి యాభై మంది దాకా ఉన్నారు, ఇప్పుడెందరో తెలియదు. గదులు కూడా కావాలి, కాదనను. కానీ ఆ వేసవిలో గది ఖాళీ అయింది ఇటుకలతో కాదు. లోపల ఉండనక్కరలేని వాళ్ళెవరని ఒకాయన అడిగినందుకు అయింది. అంత చిన్న ప్రశ్న నాకు ముప్పై ఏళ్ళలో ఎందుకు తట్టలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. పాలమూరు తమ్ముడు మాత్రం ఒక్క వాయిదా కూడా తప్పలేదు. కోర్టుకు వచ్చినప్పుడల్లా మా గేటు దాకా వచ్చి, కాకకు కనపడి పోయేవాడు.

చివరికి పలక మీద ఒకే బిళ్ళ మిగిలింది. బెయిలు వచ్చిన రోజు చివరన చేర్చింది, కాకది. ఒకే మనిషి ఇద్దరికి పూచీ పడటానికి కోర్టు ఒప్పుకోదు కనుక, అల్లుడికి బదులు కాక పాత షిఫ్టు వాళ్ళ కొడుకులిద్దరు వచ్చారు. ఈసారి కాకకు చెప్పడానికి తరువాతి నంబరు లేదు. జూలైలో సన్నగా వాన పడుతున్న ఒక సాయంత్రం విడుదల కాగితం వచ్చింది. బయట అల్లుడు, కాక భార్య గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆమె నన్ను చూసి, "మళ్ళ ఎవనికన్న ఇచ్చి కూసుంటడేమో, జర గట్టిగ తోలుండ్రి సారూ" అంది.

కాకకు అల్లుడు తెచ్చిన కొత్త చేతికర్ర, మా దగ్గరున్న చెప్పులు ఇచ్చాము. సంతకం పెట్టాడు. లోపలి గేటు దగ్గరికి వచ్చి, అలవాటుగా వెనక్కి తిరిగి, నా గది తలుపులోంచి కనపడే పలక వైపు చూశాడు. ఎన్ని వేలసార్లు ఆయన అలా చూసి ఉంటాడో. దిగినవాళ్ళందరినీ పైకి తీసుకున్న మనిషి ఆయన. ఆయన ఒక్కనాడూ దిగలేదు కనుక, ఆయన కోసం ఆ మాట అన్నవాళ్ళు ఎవరూ లేరని నాకు అప్పుడు తట్టింది.

నేను వెళ్ళి ఆ ఆఖరి బిళ్ళ తీశాను. ఆయన అరచెయ్యి పట్టుకుని అందులో పెట్టాను. గట్టిగా అరవడం అంతగా అలవాటు లేని నా గొంతుతో ఆ మాటను, ఆవరణంతా వినపడేలా అన్నాను.

"వచ్చిండు!"

కాక గడప మీద ఆగిపోయాడు. చాలాసేపు ఆ అట్టముక్కనే చూసుకున్నాడు. తరువాత కర్ర ఎత్తి నా జేబులోని పెన్ను వైపు చూపించాడు.

"రాసుకోండ్రి సార్."